మ్బూబే : సాలొమన్ లిండా జీవిత కథ

వస్తువులకును కళలకును పేర్లు పలు తెఱగుల వచ్చుచుండును. కొన్నింటికి పండితులు యోచించి పేరిడుదురు. కొన్నింటికి జనుల నోటనే పేరు పుట్టును. కథకుని భుజముపై తంబురా బుఱ్ఱ యుండుటచే బుఱ్ఱకథ యను పేరు నిలిచినది. హరిని గూర్చి చెప్పుటచే హరికథ యను పేరు కలిగినది. మఱికొన్ని తావుల ఒక్క వస్తువు పేరే ఆ జాతికంతటికిని పేరగుట కలదు. వనస్పతి ఏ కార్ఖానాలో తయారైనను తెలుగువారి వంటయిండ్లలో చిరకాలము డాల్డా యనియే పిలువబడెను. దక్షిణాఫ్రికాయందు ఒక జనరంజకమైన సంగీతమునకు ఈ తీరుననే పేరు వచ్చినది. ఆ పేరు మ్బూబే. అది జూలూ భాషాపదము. సింహమని దాని యర్థము. 1939లో ఒక పనివాడు తన మిత్రులతో గూడి పాడిన మూడు నిమిషములకు మించని పాట పేరు అది. ఆ పాటనుబట్టి ఆ బాణీకంతకు ఆ పేరు స్థిరపడెను. పాటయు, దాని పేరును సముద్రములు దాటిపోయెను. పాడినవాడగు సాలొమన్ లిండా మాత్రము దరిద్రుడుగనే కన్నుమూసెను. ఒక పదముయొక్క చరిత్రయు, ఒక మనుష్యునియొక్క చరిత్రయు ఇచట విడదీయరానివి.

ఎక్కడి దక్షిణాఫ్రికా, ఎక్కడి బిలాసపూరు అని తోచవచ్చును. కాని ఈ కథకు నేపథ్యమైన బ్రదుకు బిలాసపూరునందలి తెలుగు కుటుంబములకు క్రొత్తది కాదు. బిలాసపూరు రైలుతో పెరిగిన పట్టణము. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తెలుగువారు పొట్ట చేతబట్టుకొని ఈ వైపునకు వచ్చిరి. లైనుపనిలో, లోకోషెడ్డులో, ఆఫీసులలో కుదురుకొని, క్వార్టర్లలో కాపురములు పెట్టి, సెలవుదినములందు భజనలతోను నాటకములతోను తమ ఊళ్ళను తలచుకొనిరి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాసపూరు ప్రధాన స్థానమగునాటికి ఆ కుటుంబములలో తరములు గడచిపోయినవి. పనికై పరాయి ఊరు చేరినవారికి పాట ఎంత అండయో వారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

లిండా పుట్టిన నటాలు సీమయు తెలుగువారికి తెలియని నేల కాదు. 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన ట్రూరో యను ఓడ చెన్నపట్టణమునుండి 342 మందిని డర్బను రేవునకు చేర్చెను. ఒప్పందపు కూలీలుగా ఏగిన భారతీయులలో వారే మొదటివారు. 1911లో ఆ పద్ధతి నిలిచిపోవునాటికి నటాలు చేరినవారు 1,52,184 మంది. వారిలో ఎక్కువమంది చెన్నపురి రేవున ఓడ యెక్కినవారు. అందు తెలుగువారు విశేషముగా కలరు. చెఱకు తోటలలోనే కాక నటాలు ప్రభుత్వ రైల్వేలో గూడ వారు పనిచేసిరి. గాంధీమహాత్ముడు 1893లో మొదటి తరగతి పెట్టెనుండి దింపివేయబడిన పీటర్‌మారిట్జ్‌బర్గు స్టేషను ఆ రైలుమార్గముననే యున్నది. అచటి తెలుగువారు తమ భాషను నిలుపుకొనుటకై 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. సరిగా ఆ యేటనే నటాలు కొండలలోనుండి ఒక జూలూ యువకుడు పనికై జోహానెస్‌బర్గునకు పయనమయ్యెను. అతడే సాలొమన్ లిండా.

లిండా 1909లో నటాలునందలి మ్సింగా ప్రాంతమున పామెరాయ్ అను ఊరి సమీపమున జన్మించెను. లిండా యనునది అతని వంశనామము. ంట్సెలె యను పేరు గూడ అతనికి కలదు. మ్సింగా కొండల నేల, వానలు తక్కువ. పశువులే అచటివారి ఆస్తి. అతడు నాలుగేండ్ల బాలుడుగా నున్నపుడు, అనగా 1913లో, దక్షిణాఫ్రికా ప్రభుత్వము భూచట్టమొకటి చేసి, దేశమున అత్యధిక సంఖ్యాకులగు నల్లవారికి మొత్తము భూమిలో నూటికి ఇంచుమించు ఏడు పాళ్ళు మాత్రమే కేటాయించెను. ఉన్న నేల చాలదు. పన్నులు నాణెములలో చెల్లింపవలెను. కాబట్టి వయసు వచ్చిన ప్రతి యువకుడును గనులకో, కార్ఖానాలకో, దొరల యిండ్లకో పోక తప్పెడిది కాదు. నటాలు పల్లెల యువకులు జోహానెస్‌బర్గునకు వలసపోవుట ఇట్లు నిర్బంధమైన ఆచారమయ్యెను.

బాల్యమున లిండా గోర్డన్ మెమోరియల్ అను క్రైస్తవ మిషను పాఠశాలలో చదివెను. అచటనే అతనికి బృందగానముతో పరిచయము కలిగెను. కర్ణాటక సంగీతమునందు ఎందరు కలిసి పాడినను స్వరగమన మొక్కటియే. పాశ్చాత్య బృందగానము అట్టిది కాదు. ఒకే సమయమున హెచ్చు గొంతులవారొక స్వరమును, నడిమి గొంతులవారొక స్వరమును, మంద్రమువారు మఱొక స్వరమును పలుకుదురు. అన్నియు పొందికగా కలిసి ఒక నాదమగును. జూలూల పెండ్లిపాటలలోను పనిపాటలలోను ఇంకొక రీతి యున్నది. ఒకడు ముందుగా ఎత్తుకొనును, తక్కినవారు బదులు పలుకుదురు. బుఱ్ఱకథలో కథకుడు, వంతలు నడపెడి తీరును ఎఱిగినవారికి ఇది సులభముగా బోధపడును. వీనికి తోడు 1890 మొదలు ఓర్ఫియస్ మెకడూ యను నీగ్రో గాయకుడు అమెరికానుండి తన బృందముతో వచ్చి దక్షిణాఫ్రికాలో ఊరూర పాడెను. ఆ పాటల ఊపు, లయలోని విఱుపు పల్లెలదాక ప్రాకెను. ఈ మూడు పాయలును లిండా బాల్యమున అతని చెవిని బడినవే.

1931లో లిండా జోహానెస్‌బర్గు చేరి ఒక కలప సామానుల అంగడిలో పనికి కుదిరెను. 1886లో బంగారము బయల్పడిన పిమ్మట అర్ధ శతాబ్దములో ఆ నగరము మహానగరమై యుండెను. కాని నల్లవానికి అచట పౌరుడుగ స్థానము లేదు. జేబులో అనుమతి పత్రము లేనిచో చెఱసాల. నివాసము మగవారికి మాత్రమే ఏర్పరుపబడిన హాస్టలు గదులు; భార్యాబిడ్డలు ఊరిలోనే. అట్టి హాస్టళ్ళలో శనివారము రాత్రి వచ్చెనన్న పాటల పోటీలు మొదలయ్యెడివి. ఊరికొక బృందము, జిల్లాకొక బృందము వచ్చి తెల్లవారువరకు పాడెడివి. పక్షపాతము లేకుండుటకై కొన్ని తావుల జూలూ భాష తెలియని పరాయివానిని పిలిచి తీర్పరిగా కూర్చుండబెట్టెడివారు. గెలిచినవారికి మేకయో, దుప్పటియో బహుమానము. బహుమానము అల్పమే. వారమంతయు ఆజ్ఞలకు తల యొగ్గిన మనిషి ఆ రాత్రి తల యెత్తి నిలుచుటయే అందలి గొప్ప.

లిండా మొదట తన మేనమామలు నడపు ఈవెనింగ్ బర్డ్స్, అనగా సాయంకాలపు పక్షులు, అను బృందమున చేరెను. 1933లో ఆ బృందము విడిపోయెను. అప్పటికి లిండా కార్ల్‌టన్ హోటలులో పనిచేయుచు, తన ఊరి మిత్రులను కూర్చుకొని, పాత పేరుతోనే క్రొత్త బృందమును నిర్మించెను. వారు ఆరుగురు. లిండా పై స్థాయిలో ముందు పాడును. గిల్బర్ట్ మడొండో, బాయ్ సిబియా అనువారు నడిమి స్థాయిల నందుకొందురు. గిడియన్ మ్కిజే, సామ్యుల్ మ్లాంగెని, ఓవెన్ సికాఖానే అను ముగ్గురు మంద్రమున నిలుతురు. అంతవరకు బృందములలో నాలుగు స్థాయిలకును గొంతులు సమముగా నుండెడివి. మంద్రమునకు ముగ్గురిని నిలిపి, దానిపై ఒక్క సన్నని గొంతును ఎగురవేయుట లిండా చేసిన మార్పు. పునాది బరువుగా నుండుటచే పై గొంతు ఎంత స్వేచ్ఛగా విహరించినను పాట చెదరకుండెను. మగవాడై యుండియు అతడు స్త్రీల గొంతును తలపించు ఎత్తున పాడెడివాడు. వేషమునందును వారు ప్రత్యేకముగా నుండిరి. చారల సూట్లు, గుండ్రని టోపీలు, రెండు రంగుల బూట్లు ధరించి వేదిక యెక్కుట వారు తెచ్చిన ఫాషను. వారమంతయు పనిబట్టలలో నుండు కూలీలు ఆ పూట దొరలవలె నిలిచిరి.

ఆ రోజులలో ఎరిక్ గ్యాలో యను నతడు జోహానెస్‌బర్గున గ్రామఫోను రికార్డుల వ్యాపారము నడపుచుండెను. లిండా అతని కంపెనీకి చెందిన కార్ఖానాలో రికార్డులను అట్టపెట్టెలలో సర్దు పనికి చేరెను. తాను సర్దెడి పెట్టెలలో ఒకనాడు తన గొంతే యుండునని అప్పుడతడు ఊహించెనో లేదో! కంపెనీ తరపున గాయకులను వెదకి తెచ్చు గ్రిఫిత్స్ మోట్సియెలోవా యను నల్లజాతి కళాకారుడు ఈవెనింగ్ బర్డ్స్ వారి పాటను విని, 1939లో వారిని స్టూడియోకు రప్పించెను. ఆనాడు వారు పాడిన పాటలలో మ్బూబే ఒకటి. బాల్యమున మందలకు కావలియుండగా పశువులపైకి వచ్చిన సింహమును తఱిమిన జ్ఞాపకమే దానికి మూలమని చెప్పుదురు. పాటలో మాటలు బహు కొద్ది. క్రింది గొంతులు ఒకే పలుకును మరల మరల త్రిప్పి పలుకుచుండగా, పైన లిండా మాటల కట్టు వదలి రాగము తీయును. మొదటి రెండు పర్యాయములు సంతృప్తికరముగా రాలేదు. మూడవ పర్యాయమున, పాట ముగియవచ్చు సమయమున, అప్పటికప్పుడు అతని గొంతున ఒక చిన్న స్వరసముదాయము వెలువడెను. లోకమంతయు తరువాత కూనిరాగము తీసినది ఆ కొద్దిపాటి స్వరములనే.

ఇచట మ్బూబే అను పదమును కొంత పరిశీలింపవలసి యున్నది. జూలూ భాషలో నామవాచకములు సామాన్యముగా అచ్చుతో మొదలగును. సింహమను నర్థమున ఇంబూబే యనునది పూర్ణరూపము. సంబోధనమున ఆ మొదటి అచ్చు లోపించును. ఇంబూబే యనునది మ్బూబే యగును. కావున ఈ పేరు సింహమను జంతువును వర్ణించు మాట మాత్రమే కాదు, ఓ సింహమా యను పిలుపు. సింహము జూలూలకు రాజచిహ్నము. వారి రాజును సింహముతో పోల్చి స్తుతించుట పూర్వాచారము. తమ రాజ్యమును, నేలను పోగొట్టుకొని పరాయి నగరమున హాస్టలు గదులలో పడియున్న యువకులకు ఆ పిలుపు విన్నంతనే ఏమి స్ఫురించి యుండునో ఊహింపవచ్చును.

1949 నాటికి ఆ రికార్డు ఇంచుమించు లక్ష ప్రతులు అమ్ముడైనదని లెక్క. గ్రామఫోను పెట్టె యున్న ఇండ్లే తక్కువగా నున్న సమాజమున అది సామాన్యమైన సంఖ్య కాదు. అంతవరకు ఆ పాటలకు స్థిరమైన ఒక్క పేరు లేదు. రాత్రివేళ పాడుటచే ఇంగోమా యెబుసుకు, అనగా రాత్రిపాట, అని కొందఱనిరి. లిండా రికార్డు వచ్చిన పిమ్మట ఏ బృందము ఆ తీరున పాడినను అది మ్బూబే పాట, వారు మ్బూబే పాటగాండ్రు అనుట వాడుకయైనది. ఇట్లు ఒక పాట పేరు శాఖకంతకు పేరయ్యెను. తరువాతి కాలమున పాడు తీరు మెత్తబడెను. గట్టిగా గొంతెత్తుటకు మారుగా మెల్లగా, మునివ్రేళ్ళపై అడుగులిడుచు పాడుట మొదలయ్యెను. పిల్లివలె చప్పుడు లేక నడచుట యను నర్థముగల ధాతువునుండి ఆ క్రొత్త తీరునకు ఇసికతమియా యను పేరు పుట్టెను. హాస్టళ్ళ కావలివారి నిద్రకు భంగము కలుగకుండుటకై ఆ మెత్తని అడుగులు వచ్చెనని ఒక కథ యున్నది. సింహమును పిలుచు పేరునుండి పిల్లినడక పేరునకు వచ్చుటలో ఆ దేశపు నల్లవారి జీవితముయొక్క ఛాయ కొంత కనబడును. రెండు పేర్లను ఒకదానికి బదులుగా ఒకటి వాడువారు కలరు గాని, గట్టి పాటకు మ్బూబేయు, మెత్తని పాటకు ఇసికతమియాయు వాడుటయే యుక్తము.

లక్ష రికార్డులు అమ్ముడుపోగా లిండాకు దక్కినదెంత? అతడు పాటపై తనకుగల హక్కును కంపెనీకి 10 షిల్లింగులకు విడిచిపెట్టెను. ఆ కాలమున నల్లజాతి గాయకుడు రికార్డుకు ఒకమారు ముట్టచెప్పిన పైకముతో తృప్తిపడి పోవుటయే సామాన్యాచారము. ప్రతి రికార్డుపై కొంత వంతు రచయితకు రావలెనను సంగతి అతనికి చెప్పువారు లేరు. అతడు కార్ఖానాలో తన పని తాను చేసికొనుచు, శనివారములందు పాడుచు, పోటీలు గెలుచుచు కాలము గడపెను. జోహానెస్‌బర్గునందలి జూలూలలో అతనికి గొప్ప పేరు కలదు. వివాహమై, సంతానము కలిగి, నల్లవారికై ప్రత్యేకింపబడిన సొవెటోలో కాపురముండెను. 1948లో వర్ణభేద ప్రభుత్వ మేర్పడి చట్టములు మఱింత కఠినమైనవి. అతని జీతము మాత్రము పెరిగినది లేదు.

ఈలోగా పాట తన దారిన తాను పోయెను. అమెరికాలో ఒక రికార్డుల కంపెనీవారు పనికిరావని ప్రక్కన బెట్టిన ఆఫ్రికా రికార్డుల పెట్టెయొకటి జానపద సంగీత సంగ్రాహకుడగు అలెన్ లోమాక్స్ చేతికి వచ్చెను. అతడు దానిని తన మిత్రుడును గాయకుడును నగు పీట్ సీగర్‌కు వినిపించెను. సీగర్ మ్బూబే పాటకు ముగ్ధుడై, రికార్డును మరల మరల వినుచు స్వరముల నెక్కించుకొనెను. అతనికి జూలూ భాష రాదు. నీవు సింహమవు అను నర్థముగల జూలూ పలుకు అతని చెవికి విమోవే యని వినబడెను. తన వీవర్స్ బృందముతో అతడు దానిని ఆ పేరుతోనే పాడి రికార్డు చేయించెను. 1952లో అది అమెరికా దేశమంతట మార్మ్రోగెను. రికార్డుపై రచయిత పేరు పాల్ కాంప్‌బెల్ అని యుండెను. అట్టి మనిషి ఎవ్వరును లేరు. వీవర్స్ వారు జానపదగీతములకు పెట్టుకొన్న కల్పిత నామమది. పాటకు కర్త లేడనియు, అది ప్రాచీనమైన జూలూ పాట యనియు పలువురు భావించిరి. సీగర్ నిజము తెలిసిన పిదప లిండాకు 1000 డాలర్లు పంపెను; అతనికి రావలసిన వంతు పోవలెనని తనవారికి చెప్పెను గూడ. కాని వ్యాపారమున చెప్పిన మాట వేఱు, వ్రాసిన పత్రము వేఱు.

1961లో టోకెన్స్ అను యువకుల బృందము ఆ పాటకు మఱొక రూపము కల్పించెను. జార్జి వైస్ అను రచయిత ఆంగ్లమున మాటలు కూర్చెను. లిండా మూడవ పర్యాయమున ఆశువుగా పాడిన ఆ కొద్దిపాటి స్వరములే ఆ ఆంగ్ల గీతమునకు ప్రధానమైన వరుసయైనవి. ది లయన్ స్లీప్స్ టునైట్ అను పేరుతో అది అమెరికాలో అగ్రస్థానమునకు చేరెను. అనేక భాషలలో, అనేక దేశములలో ఎందరో దానిని పాడిరి. గమనింపదగిన విషయమేమన, మూలమున సింహమును మేల్కొలుపు పిలుపుగా నున్నది ఆంగ్లమున నిద్రించు సింహమును గూర్చిన జోలపాటవలె మారెను. అర్థము తిరగబడినది, పేరు చెడినది, కర్త మఱువబడెను. మిగిలినవి స్వరములు మాత్రమే.

ఆ పాట పాశ్చాత్య దేశములలో ప్రతి రేడియోలోను వినబడుచుండగా లిండా మూత్రపిండముల వ్యాధితో మంచము పట్టియుండెను. 1962లో, యాభై మూడేండ్ల వయసున, అతడు మరణించెను. భార్యకును బిడ్డలకును అతడు విడిచిన ధనము లేదు. వారి ఇంటి నేల మట్టినేల. దానిని పేడతో అలికెడివారు. గోరీపై రాయి నిలుపుటకు గూడ ఆమెకు శక్తి లేకపోయెను. పదునెనిమిదేండ్లు గడచిన పిమ్మటగాని అతని పేరుగల రాయి అచట వెలయలేదు. దక్షిణాఫ్రికాలో ఒక సంగీత శాఖకంతకు పేరిచ్చిన పాటను సృష్టించిన మనిషికి తన పేరు చెక్కిన రాయి యొక్కటి అంతకాలము లేకపోయెనన్నచో, అది అతని ఒక్కని దురదృష్టము మాత్రమే కాదు.

లిండా పోయినను అతడు నిర్మించిన బాణీ పోలేదు. నటాలునందలి లేడీస్మిత్ పట్టణమునుండి జోసెఫ్ షబలాలా యను గాయకుడు లేడీస్మిత్ బ్లాక్ మంబాజో యను బృందమును వెలయించెను. మంబాజో యనగా గొడ్డలి. పోటీలలో ఎదుటివారిని నఱికివేయునది యని భావము. మంద్రమున పెక్కు గొంతులు, పైన ఒక్క గొంతు అను లిండా పొందికయే వారి పాటకును ఆధారము. 1986లో అమెరికా గాయకుడగు పాల్ సైమన్ తన గ్రేస్‌లాండ్ రికార్డులో వారితో కలిసి పాడుటచే వారి పేరు ప్రపంచమంతట తెలిసెను. 1988లో వారికి గ్రామీ బహుమానము లభించెను. ఆ సందర్భమున మ్బూబే, ఇసికతమియా అను పదములు ఆంగ్ల పత్రికలలో ధారాళముగా కానవచ్చెను. అప్పుడును లిండాను తలచినవారు కొద్దిమందియే.

1994లో డిస్నీ కంపెనీవారు నిర్మించిన ది లయన్ కింగ్ చిత్రమున ఈ పాట మరల వినబడెను. ఆ చిత్రమును చూచిన పిల్లలు లోకమున కోట్లకొలది. దక్షిణాఫ్రికా పాత్రికేయుడగు రియాన్ మలాన్ ఈ పాటయొక్క పుట్టుపూర్వోత్తరములను తవ్వి తీసి 2000లో ఒక అమెరికా పత్రికలో సుదీర్ఘ వ్యాసమును ప్రకటించెను. పాట కోట్ల ధనమును గడించినదనియు, లిండా కుమార్తెలు పేదరికమున నున్నారనియు అందువలన లోకమునకు తెలిసెను. అప్పుడు ఓవెన్ డీన్ అను న్యాయవాది ఒక పాత చట్టమును బయటికి తీసెను. అది 1911 నాటి బ్రిటిషు కాపీరైటు చట్టము. రచయిత తన హక్కును జీవితకాలమున ఇతరులకు విక్రయించినను, అతడు మరణించిన 25 ఏండ్లకు అది అతని వారసత్వమునకు మరల చేరవలెనని అందు నిబంధన యున్నది. దాని ప్రకారము 1962లో మరణించిన లిండాయొక్క హక్కు 1987లో బ్రిటిషు సామ్రాజ్యమునకు చెందియుండిన దేశములలో అతని కుటుంబమునకు తిరిగి వచ్చియుండవలెను. భార్యయు కుమార్తెలును నడుమ ఎన్ని కాగితములపై సంతకములు చేసియున్నను ఈ నిబంధనకు బలము కలదని వాదన. 2004లో డిస్నీ కంపెనీపై దక్షిణాఫ్రికాలో వ్యాజ్యము వేయబడెను. వ్యాజ్యము తీర్పువఱకు పోలేదు. 2006 ఫిబ్రవరిలో ఆంగ్ల గీతముపై హక్కుగల అబిలీన్ కంపెనీవారు రాజీకి వచ్చిరి. గతమునకు కొంత పైకము, అటుపై రాబడిలో వంతు ఇచ్చుటకు వారు సమ్మతించిరి. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ పాటకు సహకర్తగా సాలొమన్ లిండా పేరు గుర్తింపబడెను. అతడు చనిపోయి అప్పటికి నలువది నాలుగేండ్లు.

ఈ 1911 చట్టము భారతదేశమునకు పరాయిది కాదు. కొన్ని మార్పులతో 1914 చట్టము ద్వారా అది ఇచటను అమలు జరిగెను. 1957లో స్వతంత్ర భారతము తన కాపీరైటు చట్టమును చేసికొనువఱకు నిలిచెను. తెలుగునాట గూడ గ్రామఫోను కాలపు గాయకులును, పద్యనాటకముల నటులును ఒకమారు ఇచ్చిన పైకముతో రికార్డులకు పాడిన రోజులు కలవు. చలనచిత్రములకు పాటలు వ్రాసినవారికిని, వరుసలు కట్టినవారికిని రాయల్టీలో వంతును వదులుకొనరాని హక్కుగా చేసిన సవరణ భారతదేశమున 2012లోగాని రాలేదు. ఒక జూలూ పనివాని కథలోని న్యాయము ఎక్కడో దూరదేశపు విషయము కాదని దీనివలన తెలియును.

కొందఱు మ్బూబేను ఆఫ్రికా ఖండమంతటి జానపదసంగీతమునకు పేరుగా వాడుదురు. అది సరికాదు. ఆఫ్రికా ఒక దేశము కాదు. పశ్చిమ తీరమున ఘానాలో హైలైఫ్ అనబడునది వేఱు, నైజీరియాలో ఫెలా కుటీ పేరుతో ప్రసిద్ధమైన ఆఫ్రోబీట్ వేఱు. అవి బాకాలు, గిటార్లు, డోళ్ళతో కూడిన వాద్యబృందముల సంగీతములు. మ్బూబేకు ప్రాణము గొంతే. అది జూలూ వలసకూలీల నగరసంగీతము. పల్లెలో పుట్టి, హాస్టలులో పెరిగి, రికార్డుపై నిలిచినది. అది కర్త లేని ప్రాచీన జానపదము గూడ కాదు. దానికి కర్త యున్నాడు, ఊరున్నది, సంవత్సరమున్నది. కర్త లేడనుకొనుటవలననే దానిని ఎవరికి తోచినట్లు వారు తమదిగా చేసికొనగలిగిరి.

వలసబ్రదుకున పాడుకొన్న పాటలు ఎన్నియో కర్తల పేర్లు లేకయే గాలిలో కలిసిపోయినవి. నటాలు చెఱకుతోటలలో తెలుగు కూలీలు పాడుకొన్నవియు, రైలుకట్టలపై గ్యాంగువారు పట్టాలను జరుపుచు పాడుకొన్నవియు అట్టివే. వానిలో ఒకటియైన సాలొమన్ లిండా పాట దైవికముగా రికార్డుపై నిలిచి, పెక్కేండ్ల పిమ్మటనైనను తన కర్త యెవ్వరో చెప్పుకొనగలిగెను. ఇండ్లలో పిల్లలు సింహపు చిత్రమును చూచుచు ఆ వరుసను కూనిరాగము తీయునపుడు, అది 1939లో జోహానెస్‌బర్గున రికార్డులు సర్దు పనివాడొకడు మూడవ పర్యాయమున పాడినదని, అతని పేరు సాలొమన్ లిండా యని పెద్దలు వారికి చెప్పవచ్చును.